పలక కింద చెయ్యి

కడప,
9 జూన్ 2024.

ప్రియమైన రత్నమణి అక్కకు నిస్సీ వందనాలు.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నీకు ఫోను చేస్తే పక్కన అమ్మ ఉంటుంది, స్పీకరు పెట్టమంటుంది. అమ్మ వింటుండగా అడగలేని మాట ఇది. అందుకే నువ్వు పనిచేసే ప్లైవుడ్ దుకాణం అడ్రసుకు రాస్తున్నాను.

నాన్న జిగ్‌సా మిషను బయటికి తీశాను. నాన్న పోయిన ఈ మూడేళ్ళలో ఆయన పని కొట్టం తాళం తీసింది రెండుసార్లే. మొన్న లోపల ఎలుకలు చేరాయని మా ఆయన లేవి తలుపు తీస్తే అటక మీద గోనెసంచిలో కనబడింది. ప్లగ్గు పెట్టి చూస్తే తిరిగింది. నాకు ఎంత భయం వేసిందో లేవికి తెలియనివ్వలేదు. పాత ప్లైవుడ్ ముక్క మీద ఒక మామిడి పిందె గీసి కోశాను. వంకరగా వచ్చింది. అయినా ఆ పూట అన్నం తినడం మర్చిపోయి దాన్నే చూసుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు పక్క వీధి ఆరాధన తన కొత్త ఇంటికి పేరు పలక చేసిమ్మంటోంది.

నాకు గీయడం వచ్చు, కోయడం రాదు. మన ఇంట్లో కోసేది నువ్వే కదా. నాన్న నీకు నేర్పినవన్నీ నాకు రాసి పంపు.

ఇంకొక మాట. ఏడేళ్ళ కిందట మన చర్చి జూబిలీ పలక కోసిన రోజు నేను దాన్ని ఎలా కదిలించాను? అవతలి కొస రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డట్టు గుర్తుంది. కదిలించినట్టు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాదు. తెలియకుండా చేసిన తప్పు మళ్ళీ తెలియకుండానే చేస్తానేమోనని భయం. నీ ఎడమచేతి వేళ్ళ కొనలు రెండు నా వల్లే పోయాయని తెలుసు. ఎలా పోయాయో తెలిస్తే ఇంకొకరికి అలా జరగకుండా చూసుకుంటాను.

బావకు వందనాలు చెప్పు.

నీ చెల్లెలు,
నిస్సీ

*

కర్నూలు,
20 జూన్ 2024.

నిస్సీకి,

నీ ఉత్తరం మా ఓనరు లక్ష్మన్న చేతికి వచ్చింది. కడపలో ఫోన్లు లేవా అని నవ్వాడు. మిషను అటక దించే ముందు నన్నొక మాట అడిగి ఉండవచ్చు. సరే, దించావు. నువ్వు దాన్ని పట్టుకోవడం ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. చిన్నప్పుడు మేకు కొట్టమంటే బొటనవేలు కొట్టుకున్న దానివి.

జాగ్రత్తగా చదువు, రెండోసారి రాయను. మిషను దగ్గరికి వెళ్ళేముందు చున్నీ, గాజులు తీసెయ్. జడ ముడి వేసుకో. కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోకు. చేతికి తొడుగులు కూడా వద్దు, బ్లేడు గుడ్డను పట్టి లాగితే వేలు కూడా పోతుంది. బ్లేడు మార్చాలంటే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. అప్పుడే కోసిన బ్లేడును తాకావంటే చెయ్యి కాలుతుంది. నాన్న నాకు ఇది చెప్పలేదు, కాలాకే తెలిసింది. వైరు ఎప్పుడూ భుజం మీదుగా వెనక్కి ఉండాలి.

బ్లేడు పళ్ళు పైకి చూస్తుంటాయి. కిందినుంచి పైకి కోస్తుంది కాబట్టి పైపొర చిట్లుతుంది. అందుకని మంచి ముఖం కిందికి పెట్టి, వెనకవైపు గీసి కొయ్యి. చెక్కకు ఆనకముందే మిషను ఆన్ చేసి, వేగం అందుకున్నాక ఆనించు. అడుగు రేకు పలకను వదలకూడదు. తోయకు, దాని నడకకు దాన్ని పోనీ. మధ్యలో తొలవాలంటే ముందు డ్రిల్లుతో బెజ్జం పెట్టి అందులోంచి మొదలుపెట్టు. ఆపాక బ్లేడు పూర్తిగా నిలిచేదాకా ఎత్తకు.

పలకను బల్లకు క్లాంపులతో బిగించుకో. మనుషుల చేత పట్టించకు. క్లాంపుకు ధ్యాస తప్పదు.

ఆ రోజు సంగతి ఇప్పుడు తవ్వి ఏం లాభం? నీకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మనసు ఎక్కడో పెట్టుకుని కదిలించావు. నేను ఎప్పుడో క్షమించేశాను. నువ్వూ మర్చిపో.

అమ్మకు మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది.

రత్నమణి

*

కడప,
18 ఆగస్టు 2024.

అక్కా,

నువ్వు రాసిన కాగితాన్ని కొట్టం గోడకు అంటించాను. రోజూ ఒకసారి చదివాకే ప్లగ్గు పెడుతున్నాను. లేవి దానికి అక్క వాక్యం అని పేరు పెట్టాడు.

నీకొక సంతోషమైన మాట చెప్పాలి. ఆరాధన ఇంటి పేరు పలక చూసి గండికోట దగ్గర లాడ్జి కడుతున్న వాళ్ళు కబురు పెట్టారు. వాళ్ళ వరండాకు పన్నెండు జాలీ పలకలు కావాలట. లోయ అంచులు, కింద పెన్న మలుపు, పైన కోట గోడ, అన్నీ తొలిచి వెలుతురు లోపలికి వచ్చేటట్టు గీశాను. ఒప్పుకున్నారు. అయిదు అయిపోయాయి. పొద్దున ఎండ పడితే గచ్చు మీద పెన్న పారినట్టు నీడ పడుతుంది. నువ్వొచ్చి చూడాలి అక్కా.

పోయిన వారం పత్రిక వాళ్ళు వచ్చి ఫోటో తీసుకుని జిల్లా పేజీలో వేశారు. కోయడం నేర్పింది మా అక్క అని రెండుసార్లు చెప్పాను, వాళ్ళు రాయలేదు. దానికి నన్ను తప్పు పట్టుకోకు.

అమ్మను ఒక్కసారి పిలుచుకుని రా. మొన్న ఫోనులో నేనే అడిగాను. అమ్మ ఏమందో నువ్వు పక్కనే ఉండి వినే ఉంటావు. "దినాం పెద్దదాని చెయ్యి చూస్తాండా. నీ కాడికి ఏం మొగం పెట్టుకోని వచ్చేది?" అంది. ఇల్లు కట్టుకుని నాలుగేళ్ళయింది, అమ్మ మా గడప తొక్కలేదు. అడగడం మాత్రం మానను.

నీ నిస్సీ

*

కర్నూలు,
1 సెప్టెంబరు 2024.

నిస్సీకి,

నీ ఫోటో నువ్వు చెప్పకముందే నా దగ్గరికి వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి సరుకుకు వచ్చిన ఒకాయన పేపరు కౌంటరు మీద పరిచి, ఇలాంటి జాలీకి ఏ ప్లైవుడ్ కావాలమ్మా అని అడిగాడు. లక్ష్మన్న తొంగి చూసి, "ఈయమ్మి మీ చెల్లెలంట గదా. ఏం చెయ్యప్పా అది, శానా బాగ చేస్తాండాది" అన్నాడు. వచ్చిన ప్రతివాడికీ అదే చూపిస్తున్నాడు. నేను ఆ పేపరు పక్కనే నిలబడి పలకలు లెక్కపెట్టి ఇస్తున్నాను.

ఫోటో పెద్దది చేసి చూశాను. కోట గోడ దగ్గర మూలలు తిరగలేదు, మెలికలో బ్లేడును బలవంతంగా తిప్పావు. పక్కనుంచి చిన్న కోతలు పెట్టుకుని తిప్పితే అలా కాలిన మరక పడదు. ఎడమవైపు అంచు చిట్లింది. తెలియని వాళ్ళకు అన్నీ అందంగానే కనిపిస్తాయి. నాన్న ఉంటే ఆ అయిదూ పక్కన పడేసి మళ్ళీ కొయ్యమనేవాడు.

పేపరులో నా పేరు రాయకపోతే నాకేం తక్కువ? నువ్వు దాన్ని పనిగట్టుకుని రాయడమే నాకు నచ్చలేదు.

ఒక మాట ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నాను. ఆ మిషను నాన్న నాకోసం కొన్నాడు. హైదరాబాదు నుంచి తెప్పించి నా చేతిలో పెట్టాడు. నేను పట్టుకోలేకపోయినంత మాత్రాన అది నీది కాదు. నా మిషను నాకు పంపు. ఇక్కడ నేనేం చేసుకుంటానో నీకు అనవసరం.

అమ్మ రాదు. బలవంతం చేయకు.

రత్నమణి

*

కడప,
15 సెప్టెంబరు 2024.

అక్కకు,

నీ మిషను నిన్న ఆర్టీసీ కార్గోలో వేయించాను. రెండు రోజుల్లో నీ దుకాణానికి వస్తుంది. బ్లేడులు నాలుగు కొత్తవి డబ్బాలోనే ఉన్నాయి. లాడ్జి వాళ్ళకు ఇంకా ఏడు పలకలు ఇవ్వాలి. ఆలస్యమవుతుందని చెప్పాను.

నువ్వు అడిగినందుకే పంపాను అంటే అబద్ధమవుతుంది. పోయిన మంగళవారం నా వేలు తెగింది.

నువ్వు రాసినవన్నీ చేశాను. కళ్ళద్దాలు పెట్టుకున్నాను, క్లాంపులు బిగించాను. లేవి అవతలి కొస పట్టుకుంటానని ఎన్నిసార్లు వచ్చినా కొట్టంలోకి రానివ్వలేదు. తను కదిలిస్తాడని కాదు. నేను నీకు చేసింది తను నాకు చేస్తే, తర్వాత తను ఎలా బతుకుతాడో నాకు తెలుసు కాబట్టి.

ఆరో పలకలో పెన్న మలుపు తొలుస్తున్నాను. కోత పూర్తవుతుంటే ముక్క కిందికి వేలాడి, మంచి ముఖం పొర చీరుకుపోతోంది. పడకుండా ఎడమచెయ్యి పలక కింద పెట్టి ఆ ముక్కను పైకి ఎత్తి పట్టాను. పైనుంచి నాకు గీత కనిపిస్తోంది, బ్లేడు కింద ఎంత పొడుగుందో కనిపించలేదు. చూపుడువేలి కొన చీల్చింది. మూడు కుట్లు పడ్డాయి. ఎముకకు తగల్లేదు, దేవుని దయ.

ఆస్పత్రిలో నాకు ఏమనిపించిందో నీకు చెప్పాలి. ఎడమచెయ్యే కదా అక్కా, నీదీ ఎడమచెయ్యే. దేవుడు సరిగ్గానే కొలిచాడు అనుకున్నాను. నొప్పిలో కూడా కొంచెం తేలికైంది.

ఇక మిషను నాకు వద్దు.

నిస్సీ

*

కర్నూలు,
19 సెప్టెంబరు 2024.

నిస్సీ, నా తల్లీ,

మిషను వచ్చింది. డబ్బా విప్పలేదు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దుకాణం వెనక ప్లైవుడ్ దొంతుల మధ్య కూర్చుని ఇది రాస్తున్నాను. కొట్టివేయకుండా రాయాలని చూస్తున్నాను.

దేవుడు ఏమీ కొలవలేదు. నువ్వు కదిలించలేదు.

ఆ రోజు పొద్దున మన చర్చి అయ్యగారు జూబిలీ పలక చూడటానికి వచ్చారు గుర్తుందా. నేను వారం నుంచి అక్షరాలు కోస్తున్నాను, కళ్ళనిండా పొట్టు. ఆయన నన్ను మెచ్చుకోబోతే నాన్న నవ్వుతూ, "కోసేదానికేముంది అయ్యా, ఎవురైనా కోస్తారు. గీసేది మా నిస్సీ. ఆ చెయ్యి దేవుడిచ్చింది" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నువ్వు సిగ్గుపడి తల వంచుకున్నావు. ఆ తల వంచుకోవడం కూడా నాకు నచ్చలేదు.

ఆ తర్వాత మిగిలిన అక్షరం అన్నిటికంటే మెలికల్ది. ఒక్క పట్టున కోసి నాన్నకు చూపించాలని పంతం పట్టాను. నువ్వు అవతలి కొస పట్టుకున్నావు, రాయిలా నిలబడ్డావు. నేనే ముక్క చీరుకోకుండా ఎడమచెయ్యి పలక కింద పెట్టాను. నువ్వు ఆ మంగళవారం చేసినట్టే. బ్లేడు కింద కనిపించదు. నా వేళ్ళ మీదికి నేనే నడిపించుకున్నాను.

అమ్మ పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగినప్పుడు "ఇదే కదిలించింది" అన్నాను. భయంలో నోరు జారిందని రాయాలనుకున్నాను, కానీ అది నిజం కాదు. అనేటప్పుడే నాకు తెలుసు. అమ్మ నిన్ను కొట్టింది. నాన్న నీవైపు చూసిన చూపు నేను చూశాను. ఇక ఆ చేతిని మెచ్చుకోడులే అని రక్తం కారుతున్నప్పుడే నాకు తృప్తిగా అనిపించింది.

జూన్‌లో నువ్వు అడిగితే నీకు అన్ని జాగ్రత్తలూ రాశాను, అది ఒక్కటి తప్ప. చెయ్యి కింద పెట్టకు అని రాస్తే నేను పెట్టానని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని వదిలేశాను. నీకు మూడు కుట్లు పడింది ఆ ఒక్క మాట వల్ల. క్షమించానని కూడా రాశాను నీకు.

ఇంకా చెప్పాలి. నీ వేలు తెగిందని చదవగానే గుండె ఆగినంత పనైంది. ఆ వెనకే, ఇక పేపరులో దాని ఫోటోలు రావులే అనిపించింది. ఈ ఏడేళ్ళు నా కుళ్ళు చెయ్యి పోయినందుకే అనుకున్నాను. వేళ్ళు ఉన్నప్పుడూ ఉంది. పేపరులో నీ జాలీ చూసిన రోజు, మూలలు బాగానే తిరిగాయి నిస్సీ. నాకంటే బాగా తిరిగాయి.

ముక్క పడిపోయేచోట కింద ఎప్పుడూ చెయ్యి పెట్టకు. పలక కింద ఇంకొక చెక్కను ఆసరాగా పెట్టి బిగించు, లేదా పడనీ. పొర చీరితే చీరనీ.

నువ్వు ఏమన్నా పడతాను.

రత్నమణి

*

కడప,
27 అక్టోబరు 2024.

రత్నమణి అక్కకు,

నెల దాటింది. రాయాలని కూర్చున్నప్పుడల్లా రెండు ముక్కలు రాసి చింపేశాను. లేవికి చదివి వినిపించాను. తను బయటికి వెళ్ళి ఆటో కడుగుతూ చాలాసేపు ఉండిపోయాడు.

నాన్న చివరి రోజుల్లో ఆస్పత్రిలో నేనొక్కదాన్నే పక్కన ఉండగా నా చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు పలక గట్టిగా పట్టుకోకపోతివి తల్లీ" అన్నాడు. కోపంతో కాదు, క్షమించినట్టు అన్నాడు. నేను "అవు నాయనా" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే ఇప్పుడు నేను ఎక్కడికి పోవాలి?

నా పెళ్ళిలో అమ్మ నన్ను దీవించి మొహం తిప్పుకుంది. ఆ రోజు కూడా నువ్వు పక్కనే ఉన్నావు. పట్టుచీర కట్టుకుని, నా జడలో పూలు సర్దుతూ ఉన్నావు.

నువ్వు ఏమన్నా పడతానని రాశావు. నాకు అనాలని లేదు. నాతో చెప్పడం నీకు సులువు, నేను నీ చెల్లెల్ని. అమ్మతో చెప్పు. ఉత్తరంలో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పు. అంతవరకు నాకు రాయకు.

నిస్సీ

*

కర్నూలు,
4 నవంబరు 2024.

నిస్సీకి,

నిన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక చెప్పాను.

అమ్మ మంచం మీద కూర్చుని చేటలో శనక్కాయలు వలుస్తోంది. మీ బావ హెన్రీని కూడా ఉండమన్నాను, లేకపోతే మధ్యలో ఆపేస్తానని. "అమ్మా, నిస్సీ ఆ పొద్దు పలక కదిలీలేదు. నా చెయ్యే కిందుండె. నేను అబద్ధం చెప్తి" అన్నాను. అమ్మ వలుస్తూనే ఉంది. వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాను. అప్పుడు చేట పక్కన పెట్టింది.

"దాన్ని నేను కొడ్తి గదే" అంది.

అవునన్నాను.

"ఏడేండ్లు దాని చేతి మంచినీళ్ళు తాగలే నేను. నీ మాట పట్టుకోని."

అంతే. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి వెళ్ళి స్నానం చేసింది, ఆదివారం పొద్దునే చేసినా మళ్ళీ చేసింది. సాయంత్రం నేను అన్నం పెడితే నాకు ఆకలి లేదంది. మీ బావ పెడితే తినింది. మీ బావ కూడా ముందే చెప్పాల్సింది అన్నాడు.

ఈ పొద్దున చీరలు మూట కట్టుకుంది. కడప బస్సు ఎక్కించమంది. నేను తోడు వస్తానంటే, "నువ్వొద్దు. దాని మొగం ముందు నన్ను చూడనీ" అంది. శుక్రవారం బస్సుకు మీ బావ ఎక్కిస్తాడు. కడప బస్టాండుకు లేవిని పంపు. మోకాళ్ళు పట్టేసి ఉంటాయి, దిగేటప్పుడు చెయ్యి అందించమను. మిషను అమ్మతో పంపుతున్నాను. అది నీ దగ్గర ఉండాలి. మంచి మనసుతో పంపుతున్నానని మాత్రం అనుకోకు. మూట కట్టేటప్పుడు కూడా నా కడుపులో మండుతూనే ఉంది. అయినా కట్టాను.

రత్నమణి

*

కడప,
24 నవంబరు 2024.

అక్కకు,

అమ్మ క్షేమంగా చేరింది. మొదటి రెండు రోజులు కొట్టంలో స్టూలు వేయించుకుని నేను గీస్తుంటే చూస్తూ కూర్చుంది. మూడో రోజు మిషను ఆన్ చేయమని అడిగింది. ఆ చప్పుడుకు చెవులు మూసుకుని, "ఇంత చప్పుడులో ఒక్కదానివే ఎట్ల ఉంటాండావే" అంది. అప్పటినుంచి లేవిని కూడా లోపలికి రానిస్తున్నాను. పలక కింద ఆసరా చెక్క వేసి బిగిస్తున్నాం. లాడ్జివి ఇంకా మూడే మిగిలాయి.

పోయిన ఆదివారం మా సంఘంలో సాక్ష్యాలు చెప్పే సమయంలో అమ్మ లేచి నిలబడింది. మోకాళ్ళ నొప్పికి ముందు కుర్చీ పట్టుకుంది. "నా చిన్నబిడ్డను ఏడేండ్లు తప్పు పట్టినా. దాని తప్పు లేదు. తప్పు పట్టింది నేను" అని కూర్చుంది. నీ పేరు ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదని ఇంటికొచ్చి అడిగాను. "దానిది అది చెప్పుకోవల్ల" అంది. అయ్యగారి భార్య నన్ను పక్కకు పిలిచి ఏం జరిగిందమ్మా అని అడిగితే, నేనూ చెప్పలేదు. నీ మీద ప్రేమతో కాదు. నా నోటితో చెప్పాలనిపించలేదు, అంతే.

నీ మీద కోపం పోలేదు. పొద్దున లేవగానే గుర్తొస్తుంది. అయ్యగారు క్షమాపణ గురించి ప్రసంగం చేస్తే బయటికి వెళ్ళి నిలబడ్డాను. నువ్వు ఇప్పుడే రాకు. ఉత్తరాలు మాత్రం రాయి, నేను చదువుతాను.

నువ్వు నీ కుళ్ళు గురించి దాచకుండా రాశావు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. నీ ఎడమచేతికి కట్టు ఉన్న ఆ రెండు నెలలు, కుడిచెయ్యి బాగానే ఉన్నా, అమ్మ నీకు అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేది. నేను వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చూసేదాన్ని. నా వల్లే నీ వేళ్ళు పోయాయని నమ్ముతూ కూడా, ఆ ముద్దల కోసం నిన్ను చూసి ఏడ్చేదాన్ని. నా వేళ్ళు పోయుంటే బాగుండునని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

నా వేలు నెల కిందటే మానిపోయింది. అమ్మ వచ్చిన రోజు రాగి సంగటి, ఊరిమిండి పచ్చడి ముందు పెట్టుకుని కూర్చుంటే, వేలు ఇంకా నొస్తాందా అని అడిగింది. అవునమ్మా అన్నాను. అప్పటినుంచి రోజూ అమ్మే కలిపి పెడుతోంది.

నిస్సీ